ఎంత ఉంది, ఎంత వస్తుంది

(అనంతపురంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? సరే.

మా ఊరు ఇక్కడికి దూరమేం కాదు, ఉరవకొండ దారిలో. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో సెలవులకు ఊరికొస్తే, రచ్చకట్ట మీద కూర్చున్న ఒక పెద్దాయన "ఏం సదువుతాండావప్పా?" అని అడిగినాడు. "రిజర్వాయర్ ఇంజినీరింగ్" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "అట్లయితే పీఏబీఆర్ నీళ్ళు ఎప్పుడిడుస్తారో కనుక్కోప్పా" అన్నాడు. (నవ్వులు) పెన్నహోబిలం రిజర్వాయర్ తప్ప ఇంకో రకం రిజర్వాయర్ ఉంటుందని ఆయనెందుకు అనుకోవాలి? "నీళ్ళది కాదు తాతా, నూనెది" అన్నాను. అది ఇంకా పెద్ద చిక్కయింది. "నూనెకైతే అంత దూరం పోవాల్నా? మనకాడ మిల్లులు లేవా?" అన్నాడు. శనక్కాయ పండే జిల్లాలో నూనె అంటే ఇంకేం గుర్తొస్తుంది? ఈ ఊళ్ళోనే జేఎన్‌టీయూ కింద నూనెల మీద పరిశోధన చేసే సంస్థ కూడా ఉండె. ఆయన లెక్కలో నేను ఇల్లు వదిలి పోవాల్సిన పనే లేదు.

నవ్వుకున్నాం గానీ, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నేను క్లాసులో చేసిన మొదటి పని ఆ పెద్దాయన ఊహను పిల్లల బుర్రల్లోంచి తీసెయ్యడమే. బీటెక్ మూడో ఏడు పిల్లవాడికి కూడా, భూమి లోపల చెరువు మాదిరి చమురు నిలబడి ఉంటుందనీ, పైపు దించి తోడుకోవడమేననీ లోపల్లోపల ఒక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ పోనంతవరకు ఈ సబ్జెక్టు ఎక్కదు.

అందుకే రెండు రాళ్ళు తెచ్చాను. ఇది మీకు తెలిసిందే, బేతంచెర్ల బండ ముక్క. మన ఇళ్ళల్లో నేల మీద పరుచుకునేది. ఇదేమో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో బెరియా అనే ఊరి ఇసుకరాయి. ఒకటిన్నర అంగుళం మందం, మూడంగుళాల పొడవు, సుద్దముక్క కంటే బాగా లావు. ప్రపంచంలో ఏ పెట్రోలియం ల్యాబ్‌కు పోయినా ఈ రాయి ఉంటుంది. ముందు వరసలో వాళ్ళు చూడండి. బండ మీద ఒక నీటి చుక్క వేస్తున్నాను. ఉందా? గుండ్రంగా, పూస మాదిరి కూర్చునుంది. ఇప్పుడు ఇసుకరాయి మీద... చుక్క ఏది? తడి మరక మాత్రం మిగిలింది. నీళ్ళు ఎక్కడికీ ఆవిరైపోలేదు, లోపలికి పోయినాయి. ఈ రాయిలో ఐదో వంతు ఖాళీ. కంటికి కనపడదు, రేణువుకూ రేణువుకూ మధ్య సందులు. చమురుండేది ఆ సందుల్లోనే. దీన్ని వెనక్కి పంపిస్తాను, అందరూ చేత్తో పట్టుకుని చూడండి. మళ్ళీ నాకు రావాలి.

ఇక్కడొక మాట. బేతంచెర్ల బండ సున్నపురాయే కదా, సున్నపురాయిలో చమురుండదేమో అనుకునేరు. ప్రపంచంలో అతి పెద్ద చమురు క్షేత్రం, సౌదీలోని ఘవార్, 1948లో కనుక్కున్నారు, అది సున్నపురాయి. 1974లో మనవాళ్ళు కనుక్కున్న బాంబే హై, అదీ ఎక్కువ భాగం సున్నపురాయే. ఇంకా ఎందుకు, బెలుం గుహలు మీలో చాలామంది చూసే ఉంటారు. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ గుహలన్నీ నీళ్ళు సున్నపురాయిని కరిగించి చేసినవే. అంటే ఒకే జాతి రాయి, ఒకచోట చుక్క నీళ్ళు తాగదు, ఒకచోట మనిషి నడిచిపోయేంత సందు. రాయి పేరు చెప్తే సరిపోదు, ఆ రాయికి ఏం జరిగిందో తెలియాలి.

సరే, లెక్కకు వద్దాం. మా సబ్జెక్టులో ఉండేవి రెండే ప్రశ్నలు. ఎంత ఉంది? ఎంత వస్తుంది? మొదటిది చాలా సులభం. ఒక ఎకరా చేను తీసుకోండి. దాని కింద ఎక్కడో రెండు కిలోమీటర్ల లోతున ఒక అడుగు మందం రాతిపొర ఉందనుకుందాం. ఎకరా విస్తీర్ణం, అడుగు మందం అంటే 7,758 పీపాల ఘనపరిమాణం. పీపా అంటే 159 లీటర్లు. అందులో ఐదో వంతే ఖాళీ. ఆ ఖాళీలో అంతా చమురే ఉండదు, కొంత ఉప్పునీళ్ళు ఉంటాయి. చమురు వందకు 70 అనుకుందాం. ఆ చమురు పైకొచ్చేటప్పటికి కుంచించుకుపోతుంది. గోలీసోడా కొడితే గ్యాస్ బుస్సుమని పోతుంది చూడండి, అట్లా లోపలి ప్రెజర్లో చమురులో కరిగున్న గ్యాస్ పైకి రాగానే విడిపోతుంది. కింద 1.3 పీపాలు ఉన్నది పైన ఒక పీపా అవుతుంది. అన్నీ వేసి లెక్క చేస్తే సుమారు 835 పీపాలు. అయిపోయింది, దీనికి గుణకారం, భాగహారం వస్తే చాలు.

రెండో ప్రశ్నకు నా జీవితం పోయింది.

ఆ 835లో బావి తవ్వి, దాని ఒత్తిడితోనే రానిస్తే చాలాచోట్ల వందకు 15 కూడా రావు. నీళ్ళు లోపలికి ఎక్కించి నెడితే ఇంకొంత. ప్రపంచమంతా కలిపి సగటు చూస్తే మూడో వంతు చిల్లర. మిగతాదంతా అక్కడే ఉంటుంది. ఎక్కడుందో తెలుసు, ఎంతుందో తెలుసు, రాదు. ఎందుకు రాదు? మన నల్లరేగడి చేనుకు ఎండాకాలం నీళ్ళు పారిస్తే ఏమవుతుంది? నెర్రెల్లో పడి పక్కకు పారిపోతాయి, గడ్డ మాత్రం నడుమ ఎండగానే ఉంటుంది. రాతిపొరలో కూడా అంతే. మీరు ఎక్కించిన నీళ్ళు సులువైన దారి వెతుక్కుని ఒక బావి నుంచి ఇంకో బావికి పరిగెత్తుతాయి, చమురు పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది. నీళ్ళు పోయిన దారిలో కూడా సందుల మధ్య చిన్న చిన్న చుక్కలుగా ఇరుక్కుపోతుంది. దాన్ని కదిలించడానికే ఇన్ని విద్యలు. రాజస్థాన్‌లో బాడ్‌మేర్ దగ్గర మంగళ అనే క్షేత్రం ఉంది, 2009లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ నీళ్ళలో పాలిమర్ కలిపి చిక్కగా చేసి పంపుతారు, చిక్కటి నీళ్ళు అంత తొందరగా దారి తప్పవు కాబట్టి. గుజరాత్‌లో మెహసానా దగ్గర బలోల్ అనేచోట ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడి చమురు తారు మాదిరి గట్టిది. లోపలికి గాలి పంపి ఆ చమురులోనే కొంత తగలబెడతారు. ఆ వేడికి మిగతాది పలచబడి కదులుతుంది. భూమి లోపల పొయ్యి పెట్టినట్టే.

చిక్కదనం అంటే ఒకటి గుర్తొచ్చింది. మటిక్కాయలు తింటారు కదా, కోస్తావాళ్ళు గోరుచిక్కుడు అంటారు. ఆ గింజల పిండి, గ్వార్ గమ్, అమెరికాలో షేల్ అనే గట్టి రాతిలో వేసే బావుల్లో ఆ రాతిని పగలగొట్టే నీళ్ళను చిక్కబరచడానికి వాడతారు. 2012లో దాని ధర ఎంత పైకి పోయిందంటే మనదేశంలో దాని మీద ఫ్యూచర్స్, అంటే ముందస్తు బేరాల వ్యాపారమే ఆపేశారు. టెక్సాస్‌లో బావి తవ్వితే జోధ్‌పూర్ రైతు ట్రాక్టర్ కొన్నాడన్నమాట. ఇది సిలబస్‌లో ఉండదు, ఊరికే చెప్తున్నాను.

ఇక నా సంగతి. నేను బీటెక్‌లో కెమికల్ చదివాను. పెట్రోలియం వైపు పోవడం వెనక పెద్ద ఆశయాలేమీ లేవు, ఎంటెక్‌లో ఆ సీటు వచ్చింది, స్టయిపెండ్ ఉంది, నాయన దగ్గర డబ్బు అడగాల్సిన పని లేదు. అంతే. తర్వాత ఉత్తరాదిలో ఒక సంస్థలో పీహెచ్‌డీ. ఇప్పుడు వెనక్కి పోతున్న ఆ రాయి లాంటి రాళ్ళే నాకూ ఇచ్చారు. వాటిని ముందు టోలుయీన్ అనే, జిడ్డును కరిగించే రసాయనంతో కడగాలి. కింద మరిగిస్తుంటే ఆవిరి పైకి పోయి, చల్లబడి చుక్కచుక్కగా రాయి మీద పడుతుంది. రెండు మూడు రోజులు అట్లాగే. ఆ వాసన ఇప్పటికీ నా పాత స్వెటర్‌లో ఉందని మా ఆవిడ అంటుంది. తర్వాత ఆరబెట్టి, రబ్బరు తొడుగులో పెట్టి, నీళ్ళు నెట్టి, ఎంత సులువుగా పారుతున్నాయో కొలవాలి. ఆ కొలతకు యూనిట్ డార్సీ. హెన్రీ డార్సీ ఫ్రాన్స్‌లో డిజాన్ పట్నానికి మంచినీళ్ళు తెచ్చిన ఇంజినీరు. ఇసుక గొట్టంలో నీళ్ళు పోసి ఆయన కట్టిన లెక్క 1856లో అచ్చయింది. అమెరికాలో డ్రేక్ మొదటి చమురు బావి తవ్వడానికి మూడేళ్ళ ముందన్నమాట. అంటే మా శాస్త్రం పుట్టింది నూనెతో కాదు, కుళాయి నీళ్ళతో. ఆ రచ్చకట్ట పెద్దాయన మరీ తప్పేం చెప్పలేదు!

నా రాయి మొదటి రోజు ఒక విలువ ఇచ్చింది. వారం తర్వాత అందులో సగం. ఇంకో వారానికి పదో వంతు. పంపు బాగాలేదనుకున్నాను, మార్చాను. గేజీ అనుమానం, మార్చాను. రాయి మార్చాను. అదే కథ. ఆరు నెలలు ఇట్లాగే గడిచింది. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు, తోటి స్కాలర్లేమో పేపర్లు రాసేస్తున్నారు. చివరికి ఒకరోజు మా గైడ్ ల్యాబ్‌లోకి వచ్చి ఒకటే మాట అడిగారు: "ఏం నీళ్ళు పోస్తున్నావు?" "డిస్టిల్డ్ వాటర్ సార్" అన్నాను గర్వంగా. నా ఉద్దేశంలో శుభ్రమైన పని అంటే శుభ్రమైన నీళ్ళే కదా. ఆయన తల పట్టుకున్నారు. ఆ ఇసుకరాయిలో రేణువుల మీద కొంచెం బంకమన్ను ఉంటుంది. కోట్ల ఏళ్ళు ఉప్పునీళ్ళకు అలవాటుపడ్డ మన్ను. దానికి మంచినీళ్ళు తగలగానే విడిపోయి, కొట్టుకుపోయి, సన్నటి సందులకు అడ్డం పడుతుంది. నేను రోజూ ఎంతో శ్రద్ధగా నా రాయి గొంతు మూసేస్తున్నాను. ఉప్పు కలిపి పోసి ఉంటే మొదటి వారంలోనే పని అయిపోయేది. నాకు అప్పటికి తెలియదు గానీ పుస్తకాల్లో ఉన్న సంగతే అది.

ఆ ఆరు నెలలు వృథా అనను. ఎంత ఉప్పుకు మన్ను కదలడం మొదలవుతుంది అన్నది తర్వాత నా థీసిస్‌లో మూడో అధ్యాయం అయింది. కానీ వృథా కాదని ఇప్పుడు అంటున్నాను, అప్పుడు అనలేదు. అప్పుడు బ్యాంకు పరీక్షలకు దరఖాస్తు పెట్టుకున్నాను.

ఇంకో తప్పు చెప్తాను, అది మా ఇంట్లోనే జరిగింది. మా తమ్ముడు వ్యవసాయం చేస్తాడు. మాది గ్రానైటు నేల, దాని రాయిలో సందులుండవు, పగుళ్ళుంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. మా నాయన కాలంలో ఐదు బోర్లు వేస్తే నాలుగింట దుమ్మే. తమ్ముడు వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి. 420 అడుగులు, 380 దగ్గర మోటారు, నీటిమట్టం 190 దగ్గర. ఆ యేడు కార్తీకం చివర్లో నేను ఊరికి పోతే, "అన్నా, ఇన్నేండ్లు సదివినావు కదా, ఈ నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయో చెప్పు" అన్నాడు. చమురు బావులకు మేం చేసే పరీక్ష అదే. కొంతసేపు తోడి, ఆపి, ఒత్తిడి మళ్ళీ ఎట్లా పెరుగుతుందో చూడటం. చమురులో దాన్ని హార్నర్ ప్లాట్ అంటాం, 1951 నాటిది. కానీ దాని మూలంలో ఉన్న లెక్కను భూగర్భ జలాల కోసం థీస్ అనే ఆయన 1935లోనే ఇచ్చాడు. మళ్ళీ నీళ్ళే, చూశారా.

త్రీఫేజ్ కరెంటు ఉన్న ఆరు గంటలూ మోటారు ఆడించాం. ఆపినాం. రెండు తీగలు కలిపి చుట్టిన వైరు బోరులోకి వదిలి, దాని కొసలు నీటికి తగిలితే మీటరు ముల్లు కదిలేటట్టు పెట్టుకున్నాను. వైరు మీద అడుగడుగుకూ ఎర్ర టేపు గుర్తు. ఒక నిమిషానికి, రెండుకు, మూడుకు, ఐదుకు, పదికి, ఇరవైకి, నలభైకి. టార్చి తమ్ముడు పట్టుకున్నాడు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మొదట్లో వైరు పట్టుకున్న చెయ్యి నీళ్ళ కంటే వెనకబడింది, అంత జోరుగా పెరిగింది మట్టం. తర్వాత నెమ్మదించింది. నడిరేయికి తమ్ముడు మంచం తెచ్చి అక్కడే వేసుకున్నాడు. తెల్లారి సెమీలాగ్ కాగితం, అంటే ఒక పక్క లాగరిథమ్ కొలతలున్న గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపితే చక్కగా తిన్నగా వచ్చింది. కానీ ఆ గీత పాత మట్టానికి చేరలేదు, అడుగున్నర తక్కువలో ఆగింది. అర్థం ఏమిటి? ఆ పగులు ఎక్కడో మూసుకుపోయి ఉంది, బయటి నుంచి నీళ్ళు రావడంలేదు. రోజూ తోడే కొద్దీ రోజుకు అడుగున్నర దిగుతుంది. మోటారు మీద 190 అడుగుల నీళ్ళున్నాయి. భాగిస్తే 126 రోజులు. "ఉగాది దాకా ఢోకా లేదు, ఆ తర్వాత పంట పెట్టుకోవద్దు" అని చెప్పి బస్సెక్కాను.

శివరాత్రికే బోరు ఎండిపోయింది. ఫోన్ చేశాడు. నేను నోటుబుక్కు తీసి లెక్క మళ్ళీ చేశాను, తప్పు లేదు. "నీ లెక్కలో పక్కచేనోళ్ళ బోరు లేదు కదన్నా" అన్నాడు. సంక్రాంతికి వాళ్ళు నలభై గజాల అవతల 700 అడుగులు వేయించారంట. అదే పగులు తగిలింది. పాఠాల్లో మేము రిజర్వాయర్‌కు హద్దు గీస్తాం, ఆ హద్దు కదలదు. మా ఊళ్ళో హద్దు మోటారు కొనుక్కుని వచ్చింది. (నవ్వులు) ఒక బావి ఇంకో బావి ఒత్తిడిని లాగడాన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటాం, నేనే దాని మీద ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను.

ఇవి ఇంటి తప్పులు, నష్టం ఒక పంట. ఇదే తప్పు పెద్ద ఎత్తున జరిగితే ఎట్లా ఉంటుందో మన రాష్ట్రం తీరంలోనే చూశాం. కేజీ బేసిన్‌లో, అంటే కృష్ణా-గోదావరి బేసిన్‌లో, డీ6 అనే బ్లాకులో గ్యాస్ 2002లో దొరికింది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అంచనా. 2010లో 6 కోట్లు దాటింది, అక్కడి నుంచి జారింది. 2013కల్లా ఒకటిన్నర కోట్లకు లోపే. దాన్ని నమ్ముకుని కట్టిన గ్యాస్ కరెంటు ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి. ఎవరి తప్పు అన్నదానిమీద పెద్ద వివాదం నడిచింది, అందులోకి నేను పోను. ఇంజినీరుగా నాకు కనపడేది ఇంత: బావుల్లోకి నీళ్ళు, ఇసుక వచ్చాయి, ప్రెజర్ అనుకున్నదానికంటే ముందే పడిపోయింది. ఎంత ఉంది అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబును ఎంత వస్తుంది అన్న ప్రశ్నకు వాడుకుంటే ఇట్లాగే ఉంటుంది. అందుకే నా క్లాసులో ఎవరైనా జవాబు ఒకే అంకె రాస్తే సగం మార్కులే వేసేవాణ్ణి. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, నడుమ ఎంత, మూడూ రాయాలి. పిల్లలు తిట్టుకునేవాళ్ళు. కంపెనీలో చేరాక ఫోన్ చేసి, అక్కడ కూడా మూడే అడుగుతున్నారు సార్ అనేవాళ్ళు.

ఉద్యోగాల సంగతి అడగకుండా మీరు నన్ను వదలరు, కాబట్టి నేనే చెప్తాను. ఈ బ్రాంచికి ఒక జబ్బు ఉంది. చమురు ధర పీపాకు వంద డాలర్లున్నప్పుడు అందరూ చేరతారు. నాలుగేళ్ళ తర్వాత బయటికొచ్చేసరికి ధర పడిపోయి ఉంటుంది. 2008 జూలైలో 147 డాలర్లు తాకింది, డిసెంబరుకు 40 కూడా లేదు. 2014 దాకా వంద పైన ఉన్నది 2016 మొదట్లో 30 లోపలికి పోయింది. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ఒక రోజు సున్నా కంటే కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. తీసుకుపోండి, ఎదురు డబ్బిస్తాం అన్నారు! పేపర్లో ధర చూసి బ్రాంచి ఎంచుకోకండి. ధర పడినప్పుడు చేరినవాళ్ళే నా స్టూడెంట్లలో బాగుపడ్డారు, ఎందుకంటే వాళ్ళు వేరే కారణంతో చేరారు.

గేట్‌లో పెట్రోలియం పేపర్ 2017 నుంచి ఉంది, ధన్‌బాద్, జాయస్, విశాఖపట్నంలో మంచి సంస్థలున్నాయి, ఈ సమాచారం మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది మాస్టారు ఉద్యోగం గురించి. ఇందులో పెద్ద బాధ, డేటా లేకపోవడం. బావి లెక్కలన్నీ కంపెనీల బీరువాల్లో ఉంటాయి. నేను పదేళ్ళు నిజమైన ఒక్క క్షేత్రం లెక్క చూడకుండా క్షేత్రాల గురించి పాఠం చెప్పాను. ఈత రాని వాడు ఒడ్డున నిలబడి ఈత నేర్పినట్టు. ఒక సంస్థను ఒక బావి డేటా అడిగితే ఏడాదిన్నర తర్వాత జవాబొచ్చింది, "మీ ఉత్తరం పరిశీలనలో ఉంది" అని. మీకు ఆ బాధ లేదు. నార్వేవాళ్ళు వోల్వే అనే క్షేత్రాన్ని 2016లో మూసేసి, 2018లో దాని డేటా మొత్తం జనానికి వదిలేశారు. బావులు, ప్రెజర్లు, రోజువారీ ఉత్పత్తి, అన్నీ. క్షేత్రం ఎట్లా నడుస్తుందో కంప్యూటర్లో లెక్కకట్టే సిమ్యులేటర్లు కూడా ఉచితంగా దొరికేవి ఉన్నాయి. మీ హాస్టల్ గదిలో కూర్చుని ఒక నిజమైన క్షేత్రం మీద మీ అంచనా వేసి, నిజంగా ఏం జరిగిందో దానితో పోల్చుకోవచ్చు. ఎంత తప్పారో మీకే తెలుస్తుంది. నా వయసులో ఉన్నవాళ్ళకు అది అసూయ పుట్టించే సంగతి.

ఏమ్మా, చెయ్యి ఎత్తావు? మైకు అక్కడికి ఇవ్వండి... "చమురు అయిపోతుంది కదా సార్, అప్పుడు ఈ చదువు ఏం చేసుకోవాలి?" మంచిదే అడిగావు. రాతిలోంచి తియ్యడం నేర్చినవాడికి రాతిలోకి పంపడం కూడా వస్తుంది తల్లీ. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు చూశావు కదా. సున్నపురాయిని కాలిస్తే, ఏ పొయ్యి వాడినా, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కరెంటు సోలార్ నుంచి తెచ్చుకున్నా అది ఆగదు. దాన్ని పట్టి ఎక్కడో దాచాలి. నార్వేలో స్లైప్‌నర్ దగ్గర 1996 నుంచి సముద్రం అడుగున ఉప్పునీటి ఇసుకరాతి పొరలోకి ఏడాదికి పది లక్షల టన్నుల దాకా పంపుతూ వచ్చారు. అక్కడ కూడా అడిగేది అవే రెండు ప్రశ్నలు, తిరగేసి: ఎంత పడుతుంది, ఎంత నిలుస్తుంది? డార్సీ లెక్కే, థీస్ లెక్కే. అదీ కాదంటే బోర్లున్నాయి కదా మన జిల్లాలో. మా తమ్ముడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఈసారి పోయినప్పుడు పక్కచేనోళ్ళ బోరులో కూడా ఒక వైరు వదలాలని అనుకుంటున్నాను, ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు గానీ, ఒప్పించాలి.

టైమయిందని ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుంటున్నారు. ఆ రాయి ఎవరి దగ్గర ఆగింది? మూడో వరసలోనా? పంపించు నాయనా ఇటు. చెమట చేత్తో ఎక్కువసేపు పట్టుకోకండి, ఉప్పు అంటుతుంది. సరేలే, ఉప్పయితే ఫరవాలేదు.